ఈకయు దారమును: ఐజాక్ వాల్టన్ జీవితము

ఆంగ్ల సాహిత్యముతో కొంచెము పరిచయమున్నవారెల్లరును ఐజాక్ వాల్టన్ పేరు వినియే యుందురు. 1653లో ఆయన ప్రకటించిన 'కంప్లీట్ ఆంగ్లర్' అను గ్రంథము గాలముతో చేపలు పట్టు విద్యను గూర్చినది. నాటినుండి నేటివరకు అది వందలకొలది ముద్రణములు పొందినది. జన్మమున ఒక్క చేపనైన పట్టి యెరుగనివారు, పట్టదలపనివారు కూడ దానిని చదివి సంతోషించిరి. కాని ఆ గ్రంథమునకు సంబంధించిన ఒక విషయము మాత్రము ఎక్కువమందికి తెలియదు. చేపలు పట్టువారు తమ విద్యలోకెల్ల సూక్ష్మమైనదిగా నెంచు పని యొకటి కలదు. ఈకతోను దారముతోను గాలముమీద కట్టుడు ఈగను తయారుచేయుటయే ఆ పని. అది వాల్టన్‌కు అంతంతమాత్రమే వచ్చును. తనకు అంతగా రాదని ఆయన యెరుగును. ఎరిగి, ఎనుబదిరెండేండ్లు నిండిన పిదప ఆయన చేసిన కార్యము ఆయన చరిత్రలో మిక్కిలి చెప్పుకొనదగినది.

ఇంగ్లండు దేశపు చల్లని యేళ్ళలో ట్రౌట్ అను చేప కలదు. నీటి అడుగున పురుగులుగా పెరిగి, రెక్కలు వచ్చినంతనే పైకి తేలి యెగిరిపోవు సన్నని ఈగలు దానికి ప్రియమైన ఆహారము. ఆ ఈగనే పట్టి గాలమునకు గ్రుచ్చబోయినచో చేతిలోనే చితికిపోవును. అందువలన పూర్వులు గాలమునకు పట్టుదారముతో ఉన్నియు ఈకయు చుట్టి, నీటిమీద వాలిన ఈగవలె కనుపించునట్లు చేయు ఉపాయమును కనిపెట్టిరి. మన చెఱువుగట్టున గాలము వేయువాడు వానపామునో, పిండిముద్దనో ఎరగా గ్రుచ్చును. చేప నిజమైన తిండికే వచ్చును. కట్టుడు ఈగలో తిండి లేదు. తిండిని బోలిన రూపము మాత్రమే కలదు. కట్టుడు పండ్లు పెట్టుకొన్నవాడు భ్రమింపజేయవలసినది సాటిమనుష్యుల కన్నులనే. ఈగను కట్టువాడు భ్రమింపజేయవలసినది చేప కన్నును. ఆ కన్ను చాల చురుకైనది.

వాల్టన్ 1593లో స్టాఫర్డు పట్టణమున పుట్టెను. ఆ యేడు సెప్టెంబరు 21వ తేదీన ఆయనకు జ్ఞానస్నానము జరిగినది. తండ్రి పానశాల నడుపుకొను సామాన్యుడు. కుమారునకు నాలుగేండ్లు నిండకముందే మరణించెను. పెద్దచదువు చదువుటకు వీలుపడలేదు. విశ్వవిద్యాలయపు గడప నాతడు త్రొక్కలేదు. లండనులో వర్తకము చేయుచున్న బావగారి వద్ద పని నేర్చుకొనుటకు చేరి, 1618లో ఇనుపవర్తకుల సంఘమున సభ్యుడయ్యెను. సంఘము పేరు ఇనుము. ఆయన అమ్మినది బట్ట. లండను వర్తక సంఘముల తీరు అట్టిది. ఫ్లీటు వీధిలోను, దానికి దాపుననే యున్న చాన్సరీ సందులోను ఆయన కాపురమును వ్యాపారమును సాగినవి.

ఆ పేటలోని సెయింట్ డన్‌స్టన్ దేవాలయమునకు 1624లో జాన్ డన్ మహాకవి గురువుగా వచ్చెను. కొలతబద్ద చేతబట్టిన బట్టలవర్తకునకును, ఆ మహాపండితునకును స్నేహము కుదిరెను. 1631లో డన్ మరణించునాటికి వాల్టన్ ఆయన ఆప్తవర్గములో నొకడు. డన్ జీవితచరిత్రను రచించుటకు సర్ హెన్రీ వాటన్ అను పెద్దమనిషి పూనుకొనెను. ఆయనకు విషయములు సేకరించి యిచ్చుట వాల్టన్ పని. వాటన్ 1639లో కాలధర్మము నొందెను. సేకరించినవాడే రచయిత కావలసివచ్చెను. 1640లో వెలువడిన డన్ చరిత్ర వాల్టన్ తొలి గ్రంథము. నాటికి ఆయనకు నలువదియారేండ్లు. చిత్రమేమనగా, చేపలు పట్టు విద్యను గూర్చి కూడ తానొక గ్రంథము వ్రాయవలెనని ఆ వాటన్‌కే కోరిక యుండెనట. మిత్రుడు విడిచిపోయిన రెండు పనులను వాల్టనే పూర్తిచేసెను.

ఇంటిలో మాత్రము సుఖము లేదు. 1626లో పెండ్లాడిన రేచెల్ వలన ఆయనకు ఏడుగురు బిడ్డలు కలిగిరి. ఒక్కరును దక్కలేదు. 1640లో ఆమెయు పోయెను. కొన్నేండ్లకు ఆన్ కెన్ అను నామెను వివాహమాడగా ఒక కుమార్తెయు, తన పేరే పెట్టుకొన్న ఒక కుమారుడును నిలిచిరి. ఈ నడుమ దేశమున రాజపక్షమునకును పార్లమెంటు పక్షమునకును అంతర్యుద్ధము చెలరేగినది. వాల్టన్ రాజపక్షపువాడు. 1649లో మొదటి చార్లెస్ శిరశ్ఛేదము జరిగెను. 1651లో వూస్టరు యుద్ధమున ఓడి పారిపోయిన రెండవ చార్లెస్ విడిచిన ఒక రత్నాభరణము చేతులు మారి వాల్టన్ వద్దకు చేరినది. ఆయన దానిని రహస్యముగా లండను తెచ్చి, కోటలో చెఱయందున్న కర్నల్ బ్లాగ్‌కు అందజేసెను. పట్టుబడినచో ప్రాణమునకే ముప్పు. ఏటిగట్టున కూర్చుండి చేపలు పట్టు సాధువని మాత్రమే ఆయనను తలచుకొనువారు ఈ సంగతిని మరువరాదు.

అట్టి కల్లోలమధ్యమున, రెండేండ్లు గడువగనే, 'కంప్లీట్ ఆంగ్లర్' వెలువడినది. వెల పదునెనిమిది పెన్సులు. లండనుకు ఉత్తరమునగల లీ నది వెంబడి నడచిపోవు ఒక జాలరియు ఒక బాటసారియు చేయు సంభాషణమే ఆ గ్రంథము. 1655లో వచ్చిన రెండవ ముద్రణమున బాటసారి వేటగాడుగా మారెను. డేగలతో వేటాడు మూడవవాడొకడు చేరెను. వానపాములతోను, కప్పలతోను, మిడుతలతోను చేపలను పట్టు విషయమున వాల్టన్ స్వానుభవముతో వ్రాసెను. చదువరికి ఆ సంగతి ప్రతి పుటయందును తెలియును. ఈగల ప్రకరణము వచ్చుసరికి మాత్రము కంఠస్వరము మారును. ఆయన చెప్పిన పండ్రెండు కట్టుడు ఈగల పట్టిక, 1496లో వెస్ట్‌మినిస్టరులో అచ్చయిన ఒక ప్రాచీన గ్రంథమునుండి పరంపరగా దిగివచ్చినది. ఆ పండ్రెండింటిని న్యాయస్థానమున కూర్చుండు పండ్రెండుగురు జూరీసభ్యులతో పోల్చి, చేపలకు శిక్ష తప్పదని చమత్కరించెను. ఈగలతో చేపలు పట్టు పద్ధతిని గూర్చిన మరికొన్ని సూచనలకు, 1651లో ఇదే విద్యను గూర్చి చిన్న పుస్తకమును ప్రకటించిన తామస్ బార్కర్‌ను ఆశ్రయించెను. బార్కర్ వృత్తిచే వంటవాడు. వాల్టన్ ఆయన పేరును తన గ్రంథమున స్పష్టముగానే చెప్పెను.

బార్కర్‌వంటి పూర్వులు నేర్పిన ఈగలలో మిక్కిలి సులభమైనది పామర్. జెరూసలేము యాత్రచేసి తాటిజాతి మట్టను గుర్తుగా తెచ్చుకొనిన యాత్రికుని ఆంగ్లేయులు పామర్ అనెడివారు. ఒకచోట నిలువక ఆకునుండి ఆకునకు తిరుగు గొంగళిపురుగునకును ఆ పేరే వచ్చినది. దానిని బోలినదే ఈ కట్టుడు ఈగ. నాటి గాలమునకు త్రాడు దూర్చుటకు బెజ్జము లేదు. గుఱ్ఱపుతోక వెండ్రుకలు పేనిన త్రాటికొసను గాలపుకాడకు ఆనించి, మైనము పూసిన పట్టుదారముతో బిగించి, వంపుదాక చుట్టుకొనిపోవలెను. అచ్చట కోడిపుంజు మెడమీది పొడవైన ఈక నొకదానిని కట్టవలెను. ఆపై నల్లని ఉన్నినో, నెమలి యీకలోని పోగునో కాడచుట్టును తలవైపునకు చుట్టుకొనిరాగా పురుగు దేహము ఏర్పడును. పిమ్మట ఈకను ఆ దేహముమీద, కొయ్యకు తీగ అల్లుకొనినట్లు, ఎడమెడముగా త్రిప్పుచు తలదాక తెచ్చి, దారముతో ముడివేసి, మిగిలినదానిని కత్తిరింపవలెను. ఈకనూగు నాలుగువైపులకు నిక్కి గొంగళి వెండ్రుకలవలె నిలుచును. అంతే. రెక్కలు లేవు, కాళ్ళు లేవు. బంగారుజరీ చుట్టినచో నీటిలో తళుకుమనును.

చెప్పుట సులభము. దారము ఆద్యంతము బిగువుగా ఉండవలెను. ఒక్క చుట్టు జారినచో పనియంతయు ఊడివచ్చును. ఎక్కువ బిగించినచో దారమే తెగును. దేహము లావైనచో చేప దగ్గరకు రాదు. మందబుద్ధికి మాటలతో ఈ పని నేర్పజాలమని వాల్టన్ తానే యొప్పుకొనెను. ఇంతకును ఈ పామర్ వంశము అంతరింపలేదు. అమెరికాలో బ్లూగిల్ మొదలగు, పెనములో ఇమిడెడు చిన్నచేపలను పట్టుటకు క్రొత్తవారు తొలుత నేర్చుకొను 'వూలీ వర్మ్' అను కట్టుడు ఈగ దీని సంతతిలోనిదే. అందును ఉన్నివంటి దేహము, దానిమీద మెలికలు తిరిగిన కోడియీక, అంతకుమించి యేమియు లేదు. నెమలి మన దేశపు పక్షి. దాని యీకపోగు ఇంగ్లండు ఏళ్ళలో ట్రౌటును మోసగించుటకు మూడువందల యేండ్లకు పూర్వమే ఉపయోగపడుట వింతయే.

వాల్టన్ కీర్తితోపాటు ఆయనమీద నిందయు వచ్చినది. క్రాంవెల్ సైన్యమున పనిచేసిన రిచర్డ్ ఫ్రాంక్ అను నాతడు, వాల్టన్ తన అనుభవము చాలక ఇతరుల పుస్తకములనుండి ఎత్తివ్రాసెనని కటువుగా విమర్శించెను. ఫ్రాంక్ గ్రంథము 1694లో గాని అచ్చుకాలేదు గనుక వాల్టన్ దానిని చూడలేదు. రాజకీయవైరము మాటలకు పదును పెట్టియుండవచ్చును. అయినను ఆ నింద పూర్తిగా నిరాధారము కాదు. 1954లో ఒక ప్రాచీన గ్రంథపు ప్రతి దొరికినది. తెలిసినంతలో అదొక్కటే ప్రతి. 1577లో అచ్చయిన ఆ పుస్తకమును 1956లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమువారు మరల ప్రకటించిరి. అందును జాలరియు బాటసారియు సంభాషింతురు. ఆ పాత్రల పేర్లు కూడ వాల్టన్ తొలి ముద్రణములోనివే. ఈ పూర్వగ్రంథమును వాల్టన్ ఎచ్చటను పేర్కొనలేదు. ఆ కాలమున పూర్వగ్రంథములనుండి గ్రహించుట దోషముగా ఎంచబడెడిదికాదను సమాధానము చెప్పవచ్చును. విద్యార్థి జవాబుపత్రమున ఇట్టి పని చేసినచో ఉపాధ్యాయుడేమి చేయునో చెప్పనక్కరలేదు. బార్కర్ పేరు చెప్పిన వాల్టనే ఈ పుస్తకము పేరు చెప్పకపోవుట ఆయన చరిత్రలో ఒక మరక. దానిని దాచి ఆయనను పొగడుట న్యాయము కాదు.

1660లో రాజరికము మరల నెలకొనినది. వాల్టన్ తన మిత్రుడగు జార్జి మార్లీ బిషప్పు వద్ద వ్యవహారకర్తగా కుదిరెను. మొదట వూస్టరు, పిదప వించెస్టరు. 1662లో రెండవ భార్యయు వూస్టరులో మరణించెను. హుకర్, జార్జి హెర్బర్ట్ మొదలగువారి జీవితచరిత్రలను ఆయన ఈ కాలముననే రచించెను. పెద్దవాడైనను బాల్యచాపల్యము పోలేదు కాబోలు. వెస్ట్‌మినిస్టరు దేవాలయమున ఐజాక్ కాసాబన్ అను మహాపండితుని స్మారకశిలమీద గీసియున్న పొడియక్షరములును, 1658 అను సంవత్సరమును వాల్టన్ చేతివ్రాతయేయని చెప్పుదురు. బల్లలమీద పేర్లు చెక్కు విద్యార్థులకు ఇంతకంటె గొప్ప సాక్షి దొరకడు.

ఈ వార్ధక్యమున ఆయనకు ఆత్మీయుడైనవాడు చార్లెస్ కాటన్. ఆతడు 1630లో డవ్ నదీతీరమున బెరెస్‌ఫర్డ్ భవనమున పుట్టిన జమీందారీబిడ్డ. వాల్టన్‌కంటె ముప్పదియారేండ్లు చిన్న. స్వభావమున ఇరువురకును పోలిక లేదు. వాల్టన్ మితవ్యయపరుడు, భక్తుడు. కాటన్ విలాసి, అప్పులవాడు. 1664లో వర్జిల్ మహాకావ్యమును వెక్కిరించుచు మోటుహాస్యముతో పద్యములు వ్రాసినవాడు. కాని ఈగను కట్టుటలోను, తేటనీటిమీద దానిని దూరముగా సుతారముగా విసరుటలోను ఆతనికి సాటి లేదు. ఆతడు వాల్టన్‌ను తండ్రియని సంబోధించుచు లేఖలు వ్రాసెను. మొదటి సంసారములో ఏడుగురు బిడ్డలను మట్టిలో కలిపిన వృద్ధునకు ఆ పిలుపు ఎట్లు వినిపించియుండునో ఊహింపవచ్చును. 1674లో కాటన్ నది ఒడ్డున చేపలవేటకై చిన్న రాతిగృహమును కట్టించి, తలుపుపైని రాతిమీద తన పేరులోని పొడియక్షరములను వాల్టన్ పొడియక్షరములతో పెనవేసి చెక్కించెను.

తన గ్రంథము అయిదవసారి అచ్చునకు సిద్ధమగుచుండగా వాల్టన్ పాత ప్రకరణమునకు మెఱుగులు దిద్ది ఊరకుండవచ్చును. ఇరువది మూడేండ్లుగా జనులు దానిని మెచ్చుకొనుచునే యుండిరి. ఆయన అట్లు చేయలేదు. తేటనీటిలో ట్రౌటును, గ్రేలింగును ఈగతో పట్టు విధానమును నీవు వ్రాయుమని కాటన్‌ను కోరెను. కాటన్ ఆలసించి, ఆలసించి, చివరకు పది దినములకు కొంచెము మించిన కాలములో రచన ముగించి 1676 మార్చిలో పంపెను. వాల్టన్ ఏప్రిలు 29వ తేదీన ప్రత్యుత్తరము వ్రాసెను. తనకు ఎనుబదిమూడవ యేడు నడచుచున్నదనియు, తమ నడుమ నూరుమైళ్ళకు మించిన దూరమున్నదనియు ఎరిగియు, ఆ రెండింటిని మరచి వచ్చేనెల యాత్ర బయలుదేరుదునని అందు తెలిపెను. కాటన్ రచన రెండవ భాగముగా ఆ యేడే వెలువడినది. మూడవ భాగముగా చేర్చిన పుస్తకము, ఒకప్పుడు క్రాంవెల్ పక్షమున సేనలు నడిపిన రాబర్ట్ వెనబుల్స్ రచించినది. రాజుగారి రత్నమును మోసినవాడు శత్రుపక్షపు సేనాని పుస్తకమును తన పుస్తకముతో కలిపి కుట్టించెను.

రెండవ భాగమును తెరచిన చదువరికి తేడా వెంటనే తెలియును. వాల్టన్ వద్ద చదివిన శిష్యుడే, ఆ పాత బాటసారియే, ఇప్పుడు డవ్ లోయకు వచ్చి కాటన్‌కు శిష్యుడగును. కాటన్ తన ఉన్నిసంచిని తెప్పించి విప్పును. ఒంటె వెండ్రుకలు, ఎలుగుబంటి నూగు, పంది నూగు, కుక్కబొచ్చు మొదలగు చెత్తయంతయు అందు బయటపడగా శిష్యుడు విస్తుపోవును. ఆ చెత్తయే గురువునకు నిధి. గాలమును ఎడమచేతి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ ఎట్లు పట్టవలెనో, దారమునకు ఏ రంగు మైనము పూయవలెనో, రెక్కలను ఎట్లు విడదీయవలెనో ఆతడు ఒక్కొక్కటిగా చెప్పును. నూగు రంగును చేతిలో చూచి నిర్ణయింపరాదు. దానిని సూర్యునకు అడ్డముగా పట్టి చూడవలెను, ఏలయన నీటి అడుగునుండి చేప చూచునది వెలుతురునకు ఎదురుగానే. లండను పద్ధతిని లావుగా కట్టిన ఈగ పరిహాసార్థము కిటికీలో వ్రేలాడవలసినదే. నెలలవారీగా ఆతడు వివరించిన ఈగలు అరువదియైదు. ప్రాచీన గ్రంథమునుండి వాల్టన్ తెచ్చుకొనినవి పండ్రెండు. గాలమునకు పైన రెండు వెండ్రుకల త్రాటితో, చెట్లును నాచును అడ్డములేని నీటిలో, ఇరువది అంగుళముల ట్రౌటును ఒడ్డునకు తేలేనివాడు జాలరియే కాదని కాటన్ తీర్పు. ఇది పుస్తకములలో చదివి చెప్పిన మాట కాదని తెలియుచునే యున్నది.

ఇట్లు వాల్టన్ తన గ్రంథములోనే తన ప్రకరణమును మించిన ప్రకరణమునకు చోటిచ్చెను. శిష్యునిచేత ఓటమిని కోరు గురువులను గూర్చి మన పెద్దలు చెప్పుదురు గాని, ఆ ఓటమిని తన పుస్తకముననే కూర్చుకొనినవారు అరుదు. ఈనాటికిని కట్టుడు ఈగలను గూర్చి వ్రాయువారు ప్రమాణముగా తీసికొనునది కాటన్ భాగమునే. వాల్టన్ భాగమును చదువునది పచ్చికబయళ్ళ సొగసు కొఱకు, ఆ సంభాషణపు తీపి కొఱకు.

1683 ఆగస్టు 9వ తేదీన వాల్టన్ తన మరణశాసనమును స్వయముగా వ్రాయ మొదలిడి, అక్టోబరులో ముద్ర వేసెను. కుమారుడు నలువదియొకటవ యేటికి లోపల పెండ్లాడనిచో, స్టాఫర్డు దగ్గరి తన పొలము ఆ పట్టణమునకు చెందవలెననెను. దాని ఆదాయముతో పేదబాలురను ఏటేట వృత్తి నేర్చుటకు పంపవలెను. ఒక పనిపిల్లకు పెండ్లికట్నమీయవలెను. చలికాలమున పేదలకు బొగ్గు పంచవలెను. కుమారుడు మతాచార్యుడై అవివాహితుడుగనే యుండిపోయెను. ఒకప్పుడు తండ్రిలేని బాలుడు వృత్తికై వెడలిన ఊరిలో ఆ ధర్మము నెలకొనినది.

ఆ డిసెంబరులో ఇంగ్లండంతటను ఎన్నడును లేని చలి ఆరంభమైనది. 15వ తేదీన వించెస్టరులో, అల్లుని ఇంట, తొంబదియవ పుట్టినరోజు దాటిన కొలదినెలలకే వాల్టన్ కన్నుమూసెను. అచ్చటి ప్రధానదేవాలయమున ఒక చిన్న ప్రార్థనాగృహములో ఆయనను సమాధిచేసిరి. 1914లో ఇంగ్లండు, అమెరికా దేశముల జాలరులు చందాలు వేసికొని ఆ గదికి రంగుటద్దముల కిటికీ పెట్టించిరి. కాటన్ సంగతి వేరు. అప్పులబాధచే 1681లోనే బెరెస్‌ఫర్డు చేయిజారినది. 1687లో ఆతడు లండనులో మరణించునాటికి ఋణములు తీరలేదు. డవ్ నది మలుపులోని ఆ రాతిగృహము మాత్రము నిలిచియున్నది. దాని తలుపుపైన ఆ ఇరువురి పొడియక్షరములును ఇంకను పెనవేసికొనియే యున్నవి.